4.6 ఇంటి బ్యాకప్‌కు చవక నాస్: విమర్శనాత్మక పరిశీలన

ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లలో ఉన్న ఫొటోలు, పత్రాలను వైఫై ద్వారా ఒకచోట దాచే పరికరమే నాస్. రెండు డిస్కులు పట్టే నాస్‌లో రెయిడ్ 1 పద్ధతి వాడితే, రాసినదల్లా రెండింటి మీదా పడుతుంది. ఒక డిస్కు చెడినా రెండోది పనిచేస్తుంది. దీన్నే చాలామంది బ్యాకప్ అనుకుంటారు. ఇది పొరపాటు.

ఎందుకో గమనించండి. మీరు చెరిపిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ పరికరాల్లోని ఫైళ్లకు తాళం వేసింది. అలాంటప్పుడు రెండో డిస్కు కాపాడలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నందివాడ మండలంలోని పలు గ్రామాలను ముంచింది. నాస్ నీట మునిగితే అందులో ఎన్ని డిస్కులున్నా ఒకటే.

రెయిడ్ వ్యర్థమని కాదు. చేపల చెరువుల లెక్కలు రోజూ రాసే ఆఫీసులో పని ఆగకుండా ఉండటానికి అది అవసరమే. ఇంటికి మాత్రం, డబ్బు పరిమితమైనప్పుడు, ఒక డిస్కు నాస్, విడిగా ఒక యూఎస్‌బీ డిస్కు మేలు. నెలనెలా నకలు తీసి, ఆ డిస్కును వేరే ఊరిలోని బంధువుల ఇంట్లో ఉంచండి. ఫోన్‌లోని అసలును చెరిపేస్తే నాస్‌లో మిగిలేది బ్యాకప్ కాదు, ఏకైక ప్రతి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ పొలం పాసుపుస్తకం స్కాన్ ప్రతి ఎన్నిచోట్ల ఉంది? ఒకే వరదకు అన్నీ పోతాయా?