యంత్రానికి తలస్నానం

వర్ధన్నపేట చాయ్ హోటళ్లలో తెల్లారకముందే పాల ప్యాకెట్ మూల కత్తిరిస్తారు. ఆ ప్యాకెట్లు నింపే యంత్రానికి మాత్రం పని అక్కడితో అయిపోదు. దానికి స్నానం చేయించాలి.

పాలు వేడెక్కిన చోట గొట్టాల లోపల కొవ్వు, ప్రోటీన్ అంటుకుంటాయి. కాల్షియం తెల్లటి పెచ్చు కడుతుంది. ఇంట్లో పాలగిన్నె తోమినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు గొట్టాలన్నీ విప్పి బ్రష్షుతో తోమేవారు. ఇప్పుడు విప్పకుండానే కడుగుతారు, డెయిరీ భాషలో సీఐపీ. ముందు నీళ్లు. తర్వాత 70-80 డిగ్రీల వేడిలో 1 శాతానికి కాస్త అటూఇటూగా కాస్టిక్ సోడా, కొవ్వు వదలడానికి. మళ్లీ నీళ్లు. ఆపై పలచని నైట్రిక్ యాసిడ్, పెచ్చు కరగడానికి. ఆఖరున మళ్లీ నీళ్లు. ద్రావణం సెకనుకు 1.5 మీటర్ల వేగంతోనైనా పరుగెత్తాలి. మెల్లగా పారితే మురికి కదలదు. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో పీఎల్‌సీ అనే కంట్రోల్ కంప్యూటర్ చూసుకుంటుంది.

ఏ డెయిరీలోనైనా, కడగడం సరిగా లేకపోతే పాలు విరుగుతాయి.

అంతా యంత్రమే చేస్తుందనుకోవద్దు. రబ్బరు వాషర్లను మనిషే విప్పి చూడాలి. సోడా తర్వాత కడిగిన నీళ్లలో ఫినాఫ్తలీన్ చుక్క వేస్తారు. గులాబీ రంగు తేలిందా, సోడా ఇంకా మిగిలినట్టే, మళ్లీ కడగాలి.