పిల్లలు నిద్రలేచేలోపు ఒక గుంట

చిన్నపిల్లలున్న ఇంట్లో వడ్రంగం సరదా ఏమిటని నవ్వేవాళ్లుంటారు. కరెంటు మిషన్లతో అయితే వాళ్లన్నదే సబబు. కట్టర్ ఆన్ చేస్తే పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది, సన్నటి దుమ్ము పక్కల మీదిదాకా పరుచుకుంటుంది. చేతి ఉలికి ఆ గొడవ లేదు. ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతుంది. పాలకు ఏడ్చిన బిడ్డను ఎత్తుకుని, అరగంట తర్వాత వచ్చి అదే గీత దగ్గర మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నూజివీడు చుట్టుపక్కల వాళ్లకు కర్ర కోసం వెతుకులాట ఉండదు. కాపు తగ్గిన ముసలి మామిడి చెట్లు కొట్టేస్తుంటారు; తోట తీసేసి ఆయిల్‌పామ్ వేస్తున్నవాళ్లూ ఉన్నారు. చిన్నరసాన్నీ బంగినపల్లినీ అంతలా పొగిడే మనం, చెట్టు దగ్గరకొచ్చేసరికి "మామిడి చెక్కేగా" అని తీసిపారేస్తాం. టేకుకున్న చేవ దీనికి లేదు. పురుగు పడుతుంది, తేమకు నల్లమచ్చ తేలుతుంది. అయినా కొత్తగా ఉలి పట్టినవాడికి లొంగేంత మెత్తగా, పిల్లల మోతలకు తట్టుకునేంత గట్టిగా ఉంటుంది. చెట్టు కొట్టాక ఆలస్యం చేయకుండా బెరడు తీయించి, పలకలు కోయించి, మధ్య మధ్య పుల్లలు పెట్టి నీడలో గాలాడేలా పేర్చాలి. పలకల కొసలకు పెయింటు పూస్తే బీటలు తగ్గుతాయి. మామిడి సొన పడనివాళ్లకు ఆ కర్ర పొట్టు కూడా దురద పెట్టొచ్చు, జాగ్రత్త.

నూజివీడులోనే పనస కర్రతో వీణలు తీర్చే పనివాళ్లున్నారు. బొబ్బిలి వీణలాగే నూజివీడు వీణకూ పేరుంది. సరదాగా పనిపట్టేవాడు అంత ఎత్తుకు గురిపెట్టనక్కర్లేదు. బెజవాడ దాటితే బొమ్మల కొండపల్లి. నా మాట అడిగితే, పిల్లలున్న ఇంటికి అసలు గురువులు అక్కడే ఉన్నారు. తెల్ల పొనికి కర్రను సెగ మీద కాచి తేమ లాగేస్తారు. ఒంటి దుంగలోనే బొమ్మంతా చెక్కరు. మొండెం వేరు, చేతులు వేరు, ఏనుగు మీది అంబారీ వేరు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికి, అతుకుల దగ్గర ఒంపులు దిద్దుతారు. ఆరాక సున్నం పూత, అదీ ఆరాక రంగులు. ఏ దశకాదశ విడివిడిగా, మధ్యలో ఆరబెట్టే విరామాలతో సాగుతుంది. ఇంటి పనుల సందున సాగించుకోదగ్గ విద్య అది. ముక్కలు ముక్కలుగా తప్ప తీరిక దొరకని తల్లిదండ్రులకు ఇంతకన్నా అతికే పద్ధతి నాకు కనిపించలేదు.

మొదటి పనిగా వామనగుంటల పీట చెయ్యండి. రెండు వరసలు, వరసకు ఏడు, మొత్తం 14 గుంటలు. రోజుకొకటి తవ్వినా పీటకు తొందరేం లేదు. పలకను బల్లకు క్లాంపుతో బిగించాలి. మేస్త్రీలు కాలితో తొక్కిపట్టి చేస్తారు గానీ ఆ ఒడుపు మనకు లేదు. వృత్తాలు గీసి, గుండ్రటి అంచున్న ఉలితో కర్ర నారకు అడ్డంగా మొదలుపెట్టాలి. ఎప్పుడూ అంచు నుంచి గుంట అడుగుకే దిగాలి. అటువైపు నుంచి మళ్లీ అడుగుకే. అడుగు నుంచి పైకి తోస్తే నార లేచిపోయి గుంట అంచు చిరుగుతుంది. మామిడిలో నార మెలికలు తిరిగి ఉంటుంది, కాబట్టి పల్చటి పొరలే తియ్యాలి. పదునైన ఉలి కింద పొర చుట్టలా లేస్తుంది; పిండిలా రాలుతోందంటే సానరాయి దగ్గరకెళ్లే వేళైందన్నమాట. మొద్దు ఉలే చేతిని ఎక్కువ కోస్తుంది, ఎందుకంటే బలం పెట్టి తోస్తాం, జారుతుంది. ఉలి పట్టని చేయి ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి.

పిల్లలకేం పని? ఉప్పుకాగితం ఇచ్చి గుంటలు నున్నగా రుద్దమంటే చాలు. నాలుగేళ్లది కూడా "నాన్నా, ఇది నా గుంట" అని హక్కు చెబుతుంది. ఉలి మాత్రం వాడగానే పైన అటక మీదకే, ఒక్క నిమిషానికైనా సరే.

చేతిపనిని చదువులో భాగం చేయాలన్న ఆలోచన పాతదే. ఫిన్లాండ్ 1866లోనే దాన్ని బడుల్లో పెట్టింది. 1937లో వార్ధాలో గాంధీ చేతివృత్తి చుట్టూ చదువు అల్లాలన్నారు. మన బడుల్లో అది పేరుకే మిగిలిపోయింది. ఇంట్లోనైనా పిల్లలు ఒక వస్తువు మొదటినుంచి చివరిదాకా తయారవడం చూస్తే మంచిదే కదా. పీట మీద ఆడేందుకు చింతగింజలు ఎటూ ఉన్నాయి; మక్కుకు పనికొచ్చేవీ అవే.

రంగు సంగతి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే బజారు పెయింటు జోలికి పోవద్దు. లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకలో లక్కలో సహజ రంగులు కలిపి పూస్తారు. ఆ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అది తిరిగే కొయ్య మీద చేసే పని, మన పీటకు కుదరదు. పీటకైతే వేరే మందులేవీ కలపని అవిసె నూనె పల్చగా రుద్ది, రోజులు పట్టినా పూర్తిగా ఆరనివ్వాలి. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, ఆరుబయట పరిచి ఆరేయాలి.