బుష్షు మార్చే చెయ్యి
మా చిత్తూరు వైపు రాగిసంగటి కెలికే వేళకి శెనక్కాయల ఊరిబిండి లేకుంటే ఆ పూట అన్నం తిన్నట్టే ఉండదు. అందుకే మిక్సీ జారు కింద నల్లటి నీళ్లు కారడం చూడగానే తిరుపతిలో మిక్సీలు బాగుచేసే అన్న దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన స్విచ్చు కూడా వెయ్యలేదు. బ్లేడును రెండు వేళ్లతో పట్టి పక్కకి ఊపాడు. వెంట్రుకవాసి కదలిక, అంతే. "బుష్షు అరిగిపోయిందక్కా" అన్నాడు. అది చెయ్యి కాదు, కొలబద్ద! కింది కప్లరు విప్పి, ఇరుసును పట్టి ఉంచే పాత ఇత్తడి బుష్షును తట్టి తీసి, కొత్తది నిటారుగా దిగేదాకా చుట్టూరా మెల్లగా కొట్టాడు. నిమిషానికి 10,000 సార్లకు పైగా తిరిగే ఇరుసు కాస్త వాలినా వాషరు అరిగి, తడి మళ్లీ మోటారులోకే దిగుతుంది. నేనడక్కుండానే మోటారులోని కార్బన్ బ్రష్షులు బయటికి తీశాడు. చిటికెనవేలి గోరంత మిగిలాయి. కొత్తవి పెట్టి, అవి ఒరిసే రాగి పట్టీల మసిని సన్నటి గరుకు కాగితంతో తుడిచి, మోటారు తిప్పి నిప్పురవ్వల్ని కాసేపు గమనించాడు. అంతలో ఎవరో ఆగిపోయిన మిక్సీ తెచ్చారు. భారం ఎక్కువై ఆగితే మళ్లీ నడిపించే ఎర్ర బొత్తాం అడుగున ఉంటే, దాన్ని నొక్కి ఇచ్చేశాడు, పైసా తీసుకోలేదు. ఆ పనితనమెంత గొప్పదో ఈ నిజాయితీ కూడా అంతే గొప్పదనిపించింది నాకు. ఇంటికొచ్చి వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి తిప్పాను. జారు కింద పరిచిన కాగితం తడవలేదు.