డెబియన్ భాండాగారములు

1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ అను లినక్స్ పంపిణీ నేటికిని స్వచ్ఛంద సేవకుల కృషిచేతనే సాగుచున్నది. ఒక కొత్త ప్యాకేజీ సామాన్యుని యంత్రమును చేరుటకు ముందు ఏయే మెట్లెక్కి రావలయునో నిర్ణయించు దాని భాండాగారముల, అనగా రెపోజిటరీల, వ్యవస్థయే, నా దృష్టిలో, వారి కృషికెల్ల శిఖరము.

ప్యాకేజీ తొలుత చేరునది 'అన్‌స్టేబుల్'. దానికి 'సిడ్' అని నామాంతరము. 'టాయ్ స్టోరీ' చలనచిత్రమున బొమ్మలను విరుగగొట్టు బాలుని పేరది. అచ్చట సాధారణముగా రెండు మొదలు పది దినముల వరకు నిలిచి, విడుదలకు అడ్డుపడు కొత్త దోషములేవియు బయల్పడక, తానాధారపడిన ఇతర ప్యాకేజీలతో పొందిక కుదిరిన పిమ్మటనే అది 'టెస్టింగ్'లో ప్రవేశించును. సుమారు రెండేండ్ల కొకమారు టెస్టింగును స్తంభింపజేసి, మిగిలిన దోషములను పరిహరించి, దానినే 'స్టేబుల్'గా విడుదల చేయుదురు. 2023 జూనులో వెలువడిన 'బుక్‌వర్మ్' అట్టిది.

స్టేబుల్ వెలువడిన వెనుక అందు కొత్త వెర్షన్లు చేరుట అరుదు. భద్రతాలోపము బయటపడినచో 'సెక్యూరిటీ' రెపోజిటరీ ద్వారా ఆ లోపమునకు వలసిన సవరణను మాత్రమే పాత వెర్షనునకు అతికి పంపుదురు. 2014లో 'హార్ట్‌బ్లీడ్' లోపము ఓపెన్ఎస్ఎస్ఎల్ అను గూఢలిపి సాధనమున వెల్లడియై, దాని కర్తలు 1.0.1జి వెర్షనును వెలువరింపగా, డెబియన్ 7 వాడువారికి 1.0.1ఇ వెర్షనే, సరిదిద్దబడి, తుదను 'డెబ్7యు5' అను గుర్తుతో అందినది. సంఖ్యను మాత్రమే చూచి తమ యంత్రము రక్షణ లేనిదని కలతచెందువారు ఆ తుదిగుర్తును గమనింపవలయును.

తక్కిన సవరణలు 'ప్రపోజ్డ్ అప్‌డేట్స్'లో వేచియుండును. కాలమండల వివరములవంటి, ఆలస్యమునకు ఓర్వనివి 'స్టేబుల్ అప్‌డేట్స్'లో ముందుగా వచ్చును. టెస్టింగులోని ప్యాకేజీలను స్టేబులునకు అనువుగా మరల కూర్చి యుంచునది 'బ్యాక్‌పోర్ట్స్'. కోరి తెచ్చుకొన్నగాని అందుండి ఏదియు తనంతట రాదు. ఒక్క కొత్త ప్రోగ్రాము కావలసినవాడు ఈ దారినే పోవలెను గాని, స్టేబుల్ యంత్రమున టెస్టింగును కలిపివేయరాదు.

ఇంతటి నిదానమేల యనువారికి 2024 మార్చి సమాధానము చెప్పినది. ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనపు 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాని కర్తలలో ఒకరే రహస్యద్వారమును దాచిరి. రెపోజిటరీ సూచికపై డెబియన్ వేసిన డిజిటల్ ముద్రలన్నియు సరిగానే యుండెను. ముద్ర ప్యాకేజీ ఎచ్చటినుండి వచ్చినదో చెప్పును గాని, కర్తయే లోన నుంచిన ద్రోహమును చెప్పజాలదు. సిడ్ యంత్రమున ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరమునుండి ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుట చూచి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజినీరు కారణమును వెదకుచు ఆ మోసమును బయటపెట్టెను. అప్పటికి ఆ వెర్షన్లు టెస్టింగు వరకు వచ్చియుండెను, స్టేబులును చేరలేదు. వెర్షను సంఖ్య వెనుకకు పోరాదు గావున, సిడ్‌లో పాత కోడును '5.6.1+రియల్లీ5.4.5' అను పేర పునఃప్రతిష్ఠించిరి. స్టేబుల్ వాడువారు చేయవలసినది ఏమియు లేకపోయెను.