చెంపకు చెయ్యి: పాలమూరు ముఖాల మీద ఎవరి భావం?

మా ఇంట్లో ఒక పేపరు ముక్క ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. మా అవ్వ దాన్ని రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్ల పెట్టి దాచింది. 2003లో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో వచ్చిన ఫోటో అది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక బస్టాండు. బొంబాయి బస్సు కోసం నేల మీద కూచున్న కూలీల గుంపు. ముందట మూట మీద మా అవ్వ. ఎడమ చెయ్యి చెంపకు ఆనించి ఎటో చూస్తున్నది. కింద ఒకే ఒక్క లైను: ఊరిని విడిచిపోతున్న గుండె బరువు. మనిషి పేరు లేదు, ఊరి పేరు లేదు. తీసిన ఫోటోగ్రాఫర్ పేరు మాత్రం ఉంది.

డిగ్రీ చదివేటప్పుడు ఆ ముక్క చూసి ఒకసారి అడిగిన, ఆ రోజు బాగా ఏడ్చినవా అవ్వా అని. అవ్వ నవ్వింది. "ఏడ్సుడేంది కొడుకా? లెక్క జేస్తున్న." ఏం లెక్క అంటే ఇప్పటికీ అప్పజెప్పింది. ఇద్దరికి కలిపి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పదివేలు. శావుకారి దగ్గర తెచ్చింది ఆరువేలు, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి, ఎనిమిది నెలలు. అసలూ మిత్తీ కలిసి ఏడువేల నాలుగొందల నలభై. పోతే మిగిలేది రెండువేల ఐదొందల అరవై. అండ్ల నా హాస్టలు పెట్టె, దుప్పటి, ఇంటికాడ ఉండే తాతకు నూకలు. ఎట్ల కలిపినా రెండొందలు తక్కువ పడుతున్నయట. ఆ రెండొందలు ఎవర్ని అడగాల్నా అని చూస్తున్నదట.

ఫోటో మళ్లీ చూసిన. కుడి చెయ్యి ఒళ్లో ఉంది. బొటనవేలు ఉంగరం వేలి మూడో గణుపు మీద ఆగి ఉంది. మన ఆడోళ్లు గణుపుల మీద లెక్కపెడ్తరని తెలవనిదెవరికి? అంటే లెక్క ఫోటోలో ఉన్నది. కెమెరా దాన్ని పట్టింది. తీసినాయన, అచ్చేసినాయన, ఆ పొద్దు పేపరు చదివి అయ్యో అన్న వేలమంది, అందరూ చెంప మీది చేతినే చూసిన్రు. ఒళ్లో ఉన్న చేతిని ఎవరూ చూడలే.

నా గొడవంతా ఇక్కడి నుంచే. తెలియని మనుషుల్ని వాళ్లకు తెలియకుండా తీసే ఫోటోను క్యాండిడ్ ఫోటో అంటరు. అట్లా తీస్తేనే నిజమైన భావం దొరుకుతుందని ఫోటోగ్రఫీ పాఠాలన్నీ చెప్తయి. సరే. దొరికే భావం ఏంది? మన వాడల ముఖాల్లో దొరికేవి మూడే: దుఃఖం, ఆకలి, అమాయకపు నవ్వు. ఆలోచన ఎన్నడూ దొరకదు. దళిత స్త్రీ ఫోటోలో ఏడవొచ్చు, నవ్వొచ్చు. లెక్క చేయడం, అనుమానపడడం, ఎత్తు వేయడం ఆమె ముఖానికి రాసిలేదన్నట్టు చదువుతరు. దీన్ని కెమెరా తప్పు అనను. చదివే కన్నుకు కులం ఉంది.

మనుషుల్ని ఎక్కడ, ఎట్లా తీయొచ్చుననేది కూడా మొదట్నించీ అందరికీ ఒక్కతీరుగ లేదు. మన రెండు జిల్లాలూ నిజాం రాజ్యంలోవి. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచాడు. పరదాలో ఉండే పెద్దింటి ఆడవాళ్లు పరాయి మగాడి కంట పడకుండా ఫోటో దిగాలని ఎత్తయిన గోడలు, లోపల తీసేది కూడా ఒక ఇంగ్లీషు స్త్రీ. ముఖం మీద ఎవరి చూపు పడాలో తేల్చుకునే హక్కు ఆ గోడల రూపంలో కట్టించుకున్నరు. మా అవ్వకు బస్టాండే స్టూడియో. గోడ లేదు, అడిగినోడు లేడు.

ఇట్లాంటి ఫోటోలకు సిద్ధాంతం చెప్పినవాడని కార్టియే బ్రెసోన్ పేరు అందరూ తల్చుకుంటరు. మన దేశానికీ వచ్చాడు, 1948లో గాంధీ అంత్యక్రియల్ని తీశాడు. 1952లో వచ్చిన అతని పుస్తకానికి ఇంగ్లీషు పేరు నిర్ణాయక క్షణం అని. ఆ పేరే లోకమంతా పాకింది. ఫ్రెంచి పేరు వేరు. పోలీసులు వస్తే మూట కట్టుకుని ఉరికే లైసెన్సు లేని వీధి వ్యాపారి ఉంటడు చూడండి, అట్లా గప్‌చుప్‌గా, హడావిడిగా అనే అర్థం అందులో ఉంది. ఫ్రెంచి పేరే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. దొంగచాటును దొంగచాటు అన్నది.

అమెరికాలో 1936లో డొరోతియా లాంజ్ తీసిన వలస తల్లి ఫోటో సంగతి ఇంకా దగ్గరిది. కాలిఫోర్నియాలో బఠానీ చేల కూలీల గుడారం కింద ఒక తల్లి, ఆమెను పట్టుకుని పిల్లలు. ఆమె చెయ్యి కూడా చెంప దగ్గరే! సర్కారు పంపిన ఫోటోగ్రాఫర్ ఆ తల్లి పేరు రాసుకోలేదు. కారు టైర్లు అమ్మి తిండి కొనుక్కున్నరని తర్వాత రాసింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆమె చెరోకీ ఆదివాసి మూలాలున్న మనిషి. ఆ ఫోటోతో తనకు పైసా రాలేదని చెప్పుకున్నది. మేం టైర్లు అమ్మలేదు, అమ్మడానికి వేరే టైర్లే లేవు అని కొడుకు చెప్పిండు. నలభై రెండేండ్లు ఆ ముఖం కింద వేరేవాళ్ల కథ నడిచింది.

నల్లగొండకు వస్తే ముఖం కూడా అక్కర్లేకపోయింది. ఫ్లోరైడ్ ఫోటోలు చూడని తెలుగువాడు ఉండడు. మర్రిగూడ మండలం అనగానే కళ్ల ముందుకొచ్చేది వంగిన కాళ్లు, గూడు కట్టిన వెన్ను. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఏండ్ల తరబడి ఆ హద్దు దాటిన నీళ్లు తాగిన ఎముకలు అవి. పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ పరిశోధన సంస్థ పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. జిల్లా పేరు శాస్త్రానికి ఎక్కింది, ఫోటోల్లోని మనుషుల పేర్లు ఎక్కడా ఎక్కలే. శివన్నగూడెం అంశాల స్వామి ఒక్కడు పేరుతో తెలుసు. 2003లో ఢిల్లీకి తీసుకుపోయి ప్రధాని వాజ్‌పేయి ముందు చూపించిన తర్వాత అతని శరీరమే జిల్లాకు గుర్తయింది. ఆ మనిషి క్షవరశాల పెట్టుకుని బతకాలనుకున్నవాడు, పోరాడినవాడు. 2023 జనవరిలో చనిపోయాడు. అప్పుడు కూడా పేపర్లు ఆ వంగిన కాళ్ల ఫోటోనే వేసినయి.

అయితే ఇదే నల్లగొండలో 1996లో జరిగింది మన ఫోటో విమర్శకులు ఆలోచించాల్సిన విషయం. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో లోక్‌సభ ఎన్నికకు జనం పోటీపడి నామినేషన్లు వేసిన్రు. చివరికి నిలబడింది 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా వెయ్యాల్సి వచ్చింది. అభ్యర్థి ఫోటో బ్యాలెట్ మీదికి వచ్చింది 2015 నుంచే. కాబట్టి ఆ పుస్తకంలో ఒక్క ముఖం లేదు, అన్నీ పేర్లే. అన్నేండ్లు పేరు లేని శరీరాలుగా ఫోటోల్లో తిరిగిన జిల్లా, శరీరం చూపించకుండా పేర్ల వరస పెట్టి నీళ్లడిగింది. జాలిపడే వీలు అందులో లేదు, లెక్కపెట్టాల్సిందే. సర్కారు జవాబు కూడా లెక్కలోనే వచ్చింది. అదే ఏడు లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు, షెడ్యూల్డు కులాలు తెగలకు 250 నుంచి 5,000కు పెంచిన్రు.

ఇక అడిగి తీస్తే ఏమైతది? నా పరిశోధన కోసం వాడలల్ల తిరిగినప్పుడు నేనూ మొదట చాటుగానే తీసిన, తప్పు ఒప్పుకుంటున్న. ఒక పెద్దమ్మ చాటలో బియ్యం చెరుగుతుంటే గోడ పక్క నుంచి తీసిన. ఆమె చూడనే చూసింది. "జెర ఆగు బిడ్డా" అని లోపలికి పోయింది. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చి గోడకు ఆని నిటారుగా నిలబడ్డది. చేతులు పక్కలకు. నవ్వు లేదు. ఆ ఫోటో నా గైడుకు నచ్చలే, ప్రాణం లేదన్నడు. చెరిగే ఫోటోలో ఉందట. నేను కూడా చాన్నాళ్లు అట్లనే అనుకున్న.

మన వాడల్లో ఇంటింటి గోడ మీదున్న అంబేడ్కర్ ఫోటో ఏది? సూటు, టై, చేతిలో పుస్తకమో జేబులో పెన్నో. తనెట్లా కనపడాలో తను నిర్ణయించుకుని దిగిన ఫోటో. ముఖంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు, ఆలోచన ఉంది. ఆ పెద్దమ్మ నిలబడ్డ తీరు అక్కడి నుంచి వచ్చిందని రుజువు చూపలేను గానీ, రెండింటినీ పక్కపక్కన పెడితే బంధువులే అనిపిస్తది. 1993 నుంచి ఓటరు గుర్తింపు కార్డులకు ఫోటోలు తీస్తే మా తాత కూడా అట్లనే బిగుసుకుని కూచున్నడు. ఆయన ఫోటో అదొక్కటే మాకున్నది. భావం లేని ఫోటో అని ఎవరన్నా అంటే, తన భావం ఎవరికీ ఊరికే ఇయ్యనని కూచున్న మనిషి ఫోటో అని నేనంట.

చాటుగా తీసిన ఫోటోలన్నీ పారేయాలంటవా అని మిత్రులు అడుగుతున్నరు. అననే. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత కెమెరాలు పోకపోతే చాలా సంగతులు పుకారుగానే మిగిలేవి. సాక్ష్యానికి అనుమతి అడుగుతూ కూర్చోలేం. కానీ మనం కూడా ఏడుస్తున్న తల్లి ముఖాన్నే పోస్టరు చేసి గోడలకు అంటించినం, ఆ తల్లి పేరు వెయ్యడం మరిచినం. ఈ విషయంలో వాళ్లకూ మనకూ తేడా ఎంత?

తేడాగా తీసినవీ ఉన్నయి. పి. సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో ఆడవాళ్ల పనిని తీసి, కనిపించే పని కనిపించని స్త్రీలు అనే అర్థం వచ్చే పేరుతో ప్రదర్శన పెట్టిండు. బస్టాండ్లల్ల, ఫ్యాక్టరీ గేట్ల ముందట, ఊళ్లల్ల పెట్టిండు. అక్కడ ముఖం కంటే నడుం, చేతులు, బరువు ముందుకొస్తయి. ఏడుపు కోసం వెతకలే, పనిని లెక్కగట్టిండు. పాలమూరు నుంచి బొంబాయికి వారానికి ఒక్క బస్సుతో మొదలైంది పదేండ్లలో 34 అయిందని 2003లో రాసిందీ ఆయనే. ఆ 34ల ఒకటి మా అవ్వ ఎక్కిన బస్సు. అయినా అందులో కూడా చాలా మంది స్త్రీలకు పేర్లు లేవు. అది నాకు లోటే.

ఈ వ్యాసం రాసే ముందు ఆ పేపరు ముక్క పట్టుకుని ఊరికి పోయిన. అవ్వకు కండ్లు సరిగ కనపడ్తలేవు, కిటికీ దగ్గర పెట్టి చూసింది. పక్కనున్నామె తన తోటికోడలంట, భీవండిల మట్టిపనికాడ చనిపోయింది. ఎనక కూచున్న పిలగాడు ఇప్పుడు పూనాల సొంతంగ గుంపు నడుపుతున్నడట. నేను ఇన్నేండ్లల్ల అడగలే, ఆమె చెప్పలే. తర్వాత ఫోటో కుడి అంచు మీద వేలు పెట్టింది. అక్కడ ఒక కాలు, తోలు చెప్పు. మోకాలు కాడ ఫోటో తెగిపోయింది.

"గిది మేస్త్రీ కాలు," అన్నది. "నేను జూసేది గాయిన్నే. రెండొందలు అడుగుదునా వద్దా అని."

అడిగినవా అన్న.

"అడిగిన. ఇయ్యలే."