చివరగా తిప్పిన స్క్రూ

కార్బురేటర్ కారు స్లోలో వణుకుతోందంటే చాలా షెడ్లలో బానెట్ ఎత్తీ ఎత్తగానే ఐడిలింగ్ స్క్రూ పెంచేస్తారు. ఇంజను ఆగిపోవడం మానుతుంది, కారు ఇంటికెళ్తుంది, రోగం మాత్రం లోపలే ఉంటుంది. అడవులదీవిలో ఒక పెద్ద మేస్త్రి పని పక్కనే నిలబడి చూశాను. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఆయన చివరిదాకా ఆ స్క్రూ జోలికి పోకపోవడం.

బండి పాత మారుతి 800. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన మోడలే గానీ ఇది కార్బురేటర్ బదులు ఎంపీఎఫ్ఐ ఇంజెక్షన్ రాకముందుది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆగి ఉంటే స్టీరింగు వణుకుతోంది, పొద్దున మంచు తేమలో మరీనూ. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తటపటాయించి అప్పుడు కదులుతోంది. ఓనరు రెండూ కలిపి "పికప్ పోయింది మేస్త్రీ" అన్నాడు.

"రెండూ ఒకే రోగం కానక్కర్లేదండీ" అన్నాడాయన. సగం పని ఆ మాటతోనే అయిపోయిందని నాకు తర్వాత అర్థమైంది.

స్లోలో ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుంటే, మూడు సిలిండర్లలో కలిపి సెకనుకు 22 పైచిలుకు మంటలు. అన్నిటిని చెవి లెక్కపెట్టలేదు, లయ తప్పితే మాత్రం పట్టేస్తుంది. ఒకే రోట్లో ముగ్గురు వంతులవారీగా దంచుతుంటే ఒక రోకలి పోటు తప్పినట్టు. ఆయన ఫెండరు మీద చెయ్యి ఆనించి కాసేపు విన్నాడు. తర్వాత రబ్బరు తొడుగున్న ప్లయర్‌తో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగి, మళ్లీ పెట్టాడు. మొదటిది లాగితే ఇంజను కూలబడింది. రెండోదీ అంతే. మూడోది లాగినా పెద్దగా తేడా లేదు. అంటే అది ముందునుంచే సరిగ్గా పనిచెయ్యట్లేదు.

కార్బురేటర్‌ని తప్పుబట్టే తొందర అక్కడే చల్లారింది. మూడింటికీ పెట్రోలు పంపేది ఒక్క కార్బురేటరే. తప్పు దానిదైతే మూడూ మూలగాలి. మూడో ప్లగ్గు తీసి ఒకటోదాంట్లో పెట్టాడు, ఒకటోది మూడోదాంట్లో. రోగం ప్లగ్గుతో పాటు కదల్లేదు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టి కుర్రాడిచేత సెల్ఫ్ కొట్టించాడు. గాలి వేలిని బలంగానే తోసింది కాబట్టి కంప్రెషనూ బాగానే ఉంది. మానిఫోల్డ్ అంచులు తడిమి చూశాడు, ఎక్కడా గాలి లాగడం లేదు.

ఇక దీపాలు పెట్టే వేళ దాకా ఆగాడు. షెడ్డులో లైటు ఆపేసి, ఇంజను నడుస్తుండగా డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద నీళ్లు సన్నగా చిలకరించాడు. మూడో వైరు మొదట్లో వెంట్రుకంత నీలిగీత పాకింది. వేల ఓల్టులు ప్లగ్గు దాకా పోకుండా క్యాప్ మీదే అడ్డదారి పట్టాయి. అడవులదీవికి నిజాంపట్నం వైపు సముద్రం దగ్గరే. ఆ ఉప్పుగాలి క్యాప్ మీద పేరుకుంటే, తేమ తోడవగానే కరెంటుకి దారి తయారవుతుంది. ఒకసారి కాలి బొగ్గుగీత పడ్డాక తుడిచినా ప్రయోజనం తక్కువ. క్యాప్ మార్చాల్సిందే.

తటపటాయింపు సంగతి మర్నాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజను ఆపి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చేత్తో థ్రాటిల్ లాగాడు. లోపల పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. బొట్టు మాత్రం రాలింది. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే గాలి వెంటనే దూసుకొస్తుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికే యాక్సిలరేటర్ పంపు. దాని డయాఫ్రం రబ్బరు గట్టిపడి చిట్లింది. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలునే మేస్త్రి తిట్టాడు. పాత రబ్బర్లు దానికోసం చేసినవి కావన్నది నిజమే గానీ, ఈ రబ్బరు వయసు కూడా తక్కువేం కాదు.

ఎలాగూ విప్పారు కదా అని స్లో జెట్ తీసి ఎండకెత్తి చూశాడు. కుర్రాడు రాగితీగ అందించబోతే గదమాయించాడు.

"తీగ పెట్టకురా. రంధ్రం పెద్దదైందా, మీ తాతొచ్చినా చిన్నది చెయ్యలేడు."

గాలి కొట్టి శుభ్రం చేసి పెట్టేశాడు. క్యాప్, డయాఫ్రం కిట్ విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చాక బిగించాడు. అప్పుడు పట్టాడు స్క్రూడ్రైవర్. మిక్చర్ స్క్రూని ఇంజను తడబడేదాకా లోపలికి, ఊగేదాకా బయటికి తిప్పి, ఆ రెంటి నడుమ నిలకడగా పలికినచోట వదిలాడు. ఎవరో ముందు పెంచిపెట్టిన ఐడిలింగ్‌ని కూడా తగ్గించాడు.

క్యాప్‌కీ కిట్‌కీ ఎంతంటే అంత ఇచ్చిన ఓనరు, లేబరు దగ్గర మాత్రం బేరానికి దిగాడు. "రెండు సామాన్లు మార్చడానికి ఇంతేంటి మేస్త్రీ?"

"మార్చడానికి కాదండీ, ఏవి మార్చకూడదో చూడ్డానికి" అన్నాడు గానీ, యాభై తగ్గించుకున్నాడు.