రక్తనాళం సడలే తీరు

రక్తనాళం గోడలో నునుపు కండరం ఉంటుంది. అది బిగుస్తే నాళం సన్నబడి రక్తపోటు పెరుగుతుంది, సడలితే రక్తం సాఫీగా పారుతుంది. ఆ సడలింపు గుట్టు విప్పిన ఔషధ శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్. పుట్టింది 1916లో, అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో. షికాగోలో, నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయం నుంచి 1940లో డాక్టరేట్ పొందారు. 1956 నుంచి బ్రూక్లిన్‌లో ఆచార్యులుగా పనిచేశారు.

ఆయన పనంతా కుందేలు బృహద్ధమని ముక్క మీదే. దాన్ని మెలికగా పట్టీలా కోసి, వెచ్చని లవణ ద్రావణంలో వేలాడదీసి, ఆక్సిజన్ పంపుతూ, మందు వేసినప్పుడల్లా అది ఎంత బలంగా లాగుతోందో కొలిచేవారు. అసిటైల్‌కోలిన్ వేస్తే పట్టీ బిగుస్తుందని 1953లో ఆయనే ప్రకటించారు. కానీ ఒంట్లో అదే రసాయనం నాళాలను వెడల్పు చేస్తుంది. ఈ చిక్కుముడి పాతికేళ్లు అలాగే ఉండిపోయింది.

1978లో సహాయకుడు డేవిడ్ డేవిడ్‌సన్ మందుల వరుస తప్పించి వేసిన రోజున, ఉంగరంలా కోసిన ధమని ముక్క బిగియాల్సింది పోయి సడలింది. ఫర్చ్‌గాట్ దాన్ని కొట్టిపారేయలేదు. తాను ఏళ్ల తరబడి నమ్ముకున్న పద్ధతినే అనుమానించారు. ఆయన గొప్పతనం అక్కడే ఉంది. పట్టీ కోసేటప్పుడు లోపలి పొర, ఒకే కణం మందం ఉండే ఎండోథీలియం, రాపిడికి లేచిపోతోందని తేలింది. పొర పోయిన పట్టీకి పొర ఉన్న పట్టీని ముఖాముఖిగా ఆనించి చూశారు. సడలనిది సడలింది! అంటే లోపలి పొర ఏదో పదార్థాన్ని వదులుతోంది. 1980లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి వెలువడింది.

ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ వాయువేనని 1986లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో విడివిడిగా ప్రతిపాదించారు. నైట్రోగ్లిజరిన్ నుంచి ఇదే వాయువు వెలువడి కండరాన్ని సడలిస్తుందని ఫెరిద్ మురాద్ 1977లోనే చూపారు. ముగ్గురికీ 1998లో నోబెల్ వచ్చింది.

ఈ వాయువు కండరకణంలో సైక్లిక్ జీఎంపీ అనే రసాయనాన్ని పెంచుతుంది, దాంతో బిగువు తగ్గుతుంది. పెద్దవాళ్ల మందుల సంచిలో కనిపించే గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్ చేసే పనీ ఇదే. సిల్డెనాఫిల్ అనే మరో మందు ఆ జీఎంపీని కరగనివ్వదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. సార్బిట్రేట్ వాడేవారు సిల్డెనాఫిల్ జోలికి పోకూడదు. ఏ మాత్ర వేసుకున్నా వైద్యుడి దగ్గర దాచకండి.